బంధింపబడిన వన్యమృగములకు కలుగు తామర – నిర్ణయము, చికిత్స

ఖరగ్‌పురమునందు ఈ రోగమునకు పేటకొక పేరు గలదు. బంగాళీలు దాద్ అందురు. పూర్వము బెంగాలు నాగపూరు రైల్వే కర్మాగారమున పనికై వచ్చి స్థిరపడిన తెలుగువారు తామర యందురు. ఇంగ్లీషువారి రింగువరమను పేరున పురుగున్నను రోగమున పురుగు లేదు. వెండ్రుకలను, గోళ్లను, పైచర్మమును తిని బ్రదుకు శిలీంధ్రమే దీనికి కారణము. అనువాదకుడు పేర్లను గూర్చి యింత చెప్పుటకు హేతువు గలదు. గజ్జి సూక్ష్మమైన పురుగువలన కలుగును. రెంటియందును వెండ్రుకలు రాలి, చర్మము పొక్కులు గట్టును గనుక, తామరకు గజ్జిమందు పూయువారు పెక్కండ్రు. రోగము పోదు సరికదా, కాపరి యింటి పిల్లలకును అంటును.

ఖరగ్‌పురమునుండి పడమరగా రైలులో ఝార్‌గ్రామునకు పోయినవారు అచ్చటి జంతుశాలను చూచియుందురు. అట్టి శాలలయందు దుప్పినిగాని చిరుతనుగాని నిత్యము పట్టి పరీక్షించుట సాధ్యము కాదు. మత్తుమందిచ్చుటయు అపాయరహితము కాదు. కావున వేరొక కారణమున మత్తిచ్చిన దినముననే మచ్చ అంచునందలి వెండ్రుకలను పెరికి, పొక్కులను గీకి తీసికొనవలెను. క్రొత్త పళ్లబ్రష్షుతో ఒడలంతయు దువ్వి, ఆ బ్రష్షునే పరీక్షాలయమునకు పంపుట మరియు మంచిది. పైకి మచ్చలేని జంతువు సహితము బీజములను మోయుచుండవచ్చును.

ఉడ్స్ దీపపు వెలుగున వెండ్రుకలు ఆకుపచ్చగా మెరసినచో మైక్రోస్పోరం కానిస్ అని అనుమానింపవచ్చును. మెరయనంతమాత్రమున రోగము లేదనరాదు. ట్రైకోఫైటన్ జాతులు సాధారణముగా మెరయవు. పూసిన లేపనములు మాత్రము మెరయగలవు! పొటాసియం హైడ్రాక్సైడు ద్రావణమున నానవేసి సూక్ష్మదర్శినితో చూచుటయు, సబురో మాధ్యమమున పెంచుటయు నమ్మదగినవి. పెంపకమునకు రెండు మొదలు నాలుగు వారములు పట్టును.

1939లో కనుగొనబడిన గ్రిసియోఫుల్విన్, నోటిద్వారా గుణమిచ్చునని 1958లో గినీ పందులయందు తేలెను. దానిని క్రొవ్వుగల మేతతో ఈయవలెను. చూలు జంతువులకు ఈయరాదు. నేడు ఇట్రాకొనజోల్, టెర్బినాఫిన్ కూడ వాడుదురు. మోతాదును పశువైద్యుడే నిర్ణయింపవలెను. అంగళ్లలో దొరకు స్టీరాయిడు మిశ్రమ లేపనములను ముట్టరాదు. ఎరుపు తగ్గును, దురద తగ్గును, శిలీంధ్రము మాత్రము లోలోపల వ్యాపించును. మచ్చ మానగానే మందు ఆపరాదు. పెంపకపు పరీక్షలు వరుసగా రెండు మారులు శుద్ధముగా వచ్చువరకు సాగింపవలెను.

రాలిన వెండ్రుకలయందు బీజములు సంవత్సరమునకు పైగా బ్రదుకగలవు. పరుపుగడ్డిని కాల్చి, బోనును కడిగి, తరువాతనే బ్లీచింగు ద్రావణము చల్లవలెను; మురికిపై చల్లినది వ్యర్థము. మేతకొట్టులో తిరుగు పిల్లిని సహితము పరీక్షింపవలెను.

కాపరి తన చేతిమీది మచ్చను దాచక వైద్యునకు చూపవలెను. చూపినందున జీతము తగ్గునను భయము అతనికి లేకుండ చేయుట శాలాధికారుల పని.