పాల బండికి అదనపు దీపాలు – వైరింగులో జాగ్రత్తలు

తెల్లవారకముందే పాల సేకరణ మొదలయ్యే గ్రామాలలో వెలుతురు లేకుండా క్యాన్లు ఎక్కించడం, లెక్క చూసుకోవడం కష్టం. అందువల్ల పాలు చేరవేసే పికప్ వాహనాలకు వెనుక పక్క దీపాలు, ఇంకొక హారను, ఫోను ఛార్జరు, ఫ్యాను, తూకం యంత్రానికి ఇన్వర్టరు వంటివి అదనంగా బిగిస్తున్నారు. ఇవేవీ బండితో పాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి కావు. తరువాత మనం తగిలించుకున్నవి. తగిలించుకోవడంలో తప్పు లేదు. అయితే ఎలా తగిలించాము అన్న దాని మీదే బండి క్షేమం, పాల క్షేమం ఆధారపడి ఉంటాయి.

నలభై లీటర్ల క్యాన్లు 25 ఎక్కితే ఆ బండిలో ఉన్నది వెయ్యి లీటర్ల పాలు. వేసవిలో పితికిన పాలను మూడు నాలుగు గంటలలో చల్లబరచకపోతే పులుపెక్కుతాయి. శీతల కేంద్రంలో మరిగించి చూసే పరీక్షలో విరిగిపోతాయి. రాత్రి ఆర్పడం మరచిన దీపం వల్ల బ్యాటరీ దిగిపోయి బండి దారిలో నిలిచిపోతే, ఆ నష్టం డ్రైవరుది మాత్రమే కాదు. ఆ ఉదయం పాలు పోసిన ప్రతి సభ్యునిదీ. అంతకంటే ఘోరమైనది తీగ వేడెక్కి బండి అంటుకోవడం. ఈ రెండింటినీ నివారించే పద్ధతిని ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణకు, ఒక పికప్ బండి వెనుక 55 వాట్ల దీపాలు రెండు బిగించే పనిని తీసుకుందాం.

12 వోల్టులే కదా అనుకోవద్దు

మహీంద్రా బొలెరో పికప్, టాటా ఏస్ వంటి బండ్లలో బ్యాటరీ 12 వోల్టులది. పెద్ద లారీలలో, ట్యాంకర్లలో 24 వోల్టులు ఉంటాయి. ఇంటి కరెంటు 230 వోల్టులు. 12 వోల్టుల తీగను చేత్తో తాకితే షాకు కొట్టదు. అందుకే చాలామంది దీనిని తేలికగా తీసుకుంటారు. ఇక్కడి ప్రమాదం షాకు కాదు, నిప్పు.

కరెంటును కాలువ నీటితో పోల్చుకోవచ్చు. చెరువులో నీటి మట్టం ఎంత ఎత్తున ఉందో చెప్పేది వోల్టు. తూము గుండా ఎంత నీరు పోతున్నదో చెప్పేది ఆంపియరు. రెండింటినీ గుణిస్తే వచ్చే పని వాటు. కాబట్టి వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి.

60 వాట్ల బల్బు ఇంట్లో తీసుకునేది పావు ఆంపియరు. అదే 60 వాట్ల బల్బు బండిలో 5 ఆంపియర్లు తీసుకుంటుంది. మట్టం తక్కువైనప్పుడు అదే పనికి ఎక్కువ నీరు పారాలి గదా! ప్రవాహం రెట్టింపు అయితే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లు అవుతుంది. అందుచేత ఇంట్లో సరిపోయిన సన్నని తీగ బండిలో సరిపోదు.

మన ఉదాహరణలో రెండు దీపాలు కలిసి 110 వాట్లు. 110ని 12తో భాగిస్తే 9.2 ఆంపియర్లు. ఇకమీద లెక్కలన్నీ ఈ అంకెతోనే.

తీగ ఎంత లావు ఉండాలి?

బ్యాటరీ నుంచి బండి వెనుకకు తీగ పొడవు 5 మీటర్లు అనుకుందాం. కరెంటు పోవాలి, తిరిగి రావాలి. కనుక లెక్కకు 10 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు నిరోధం సుమారు 0.0175 ఓము. దీనిని బట్టి దారిలో నష్టమయ్యే వోల్టేజి ఇలా ఉంటుంది:

1 చ.మి.మీ. తీగ – 1.6 వోల్టులు
2.5 చ.మి.మీ. తీగ – 0.64 వోల్టు
4 చ.మి.మీ. తీగ – 0.40 వోల్టు

12 వోల్టులలో 1.6 పోతే నూటికి 13 వంతులు దారిలోనే వేడిగా మారిపోయినట్లు. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. "దీపం కొత్తదే, అయినా మసకగా ఉంది" అనే ఫిర్యాదుకు తరచు కారణం సన్నని తీగే. నష్టం నూటికి 5 వంతులు, అంటే 0.6 వోల్టు మించకుండా చూసుకోవాలి. కాబట్టి మన పనికి 4 చ.మి.మీ. తీగ తగినది.

ఇదే పనికి 18 వాట్ల ఎల్.ఇ.డి. దీపాలు రెండు పెట్టుకుంటే మొత్తం 36 వాట్లు, 3 ఆంపియర్లు మాత్రమే. 1.5 చ.మి.మీ. తీగ సరిపోతుంది, బ్యాటరీ మీద భారమూ తక్కువ. క్యాన్లు ఎక్కించే వెలుతురుకు ఇవి చాలు. కొత్తగా కొనేవారు వీటినే కొనడం మంచిది.

తీగ ఎప్పుడూ సన్నని పోగులు అనేకం ఉన్న మోటారు వాహనాల తీగే కావాలి. గోడలకు వాడే ఒంటి పోగు తీగ బండి అదురుకు విరిగిపోతుంది.

ఫ్యూజు ఎక్కడ, ఎంత?

ఫ్యూజు దీపాన్ని కాపాడడానికని చాలామంది అనుకుంటారు. ఫ్యూజు కాపాడేది తీగను. తీగ ఎక్కడో ఇనుప అంచుకు ఒరుసుకొని, తొడుగు తెగి, బాడీకి తగిలిందనుకోండి. బ్యాటరీలో ఉన్న శక్తి అంతా గట్టు తెగిన చెరువు వలె ఆ తీగ గుండా దూకుతుంది. వందల ఆంపియర్లు! క్షణాలలో తీగ ఎర్రబడుతుంది, దాని ప్లాస్టిక్ తొడుగు మండుతుంది. ఫ్యూజు ఉంటే అది తెగి ప్రవాహం ఆగుతుంది.

అందువల్ల ఫ్యూజు దీపం దగ్గర ఉంటే ప్రయోజనం లేదు. బ్యాటరీ పాజిటివ్ మొన నుంచి జానెడు దూరం లోపలే ఉండాలి. బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్య ఉన్న తీగకు రక్షణ ఉండదు గనుక ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

ఫ్యూజు విలువకు లెక్క: దీపం తీసుకునే కరెంటుకు పావు వంతు కలపాలి. 9.2కు పావు కలిపితే 11.5. దానికి పైన దొరికేది 15 ఆంపియర్ల ఫ్యూజు. అయితే తీగ ఓర్చుకోగలిగిన దానిని ఫ్యూజు మించకూడదు. సుమారుగా 1 చ.మి.మీ. తీగకు 10, 1.5కు 15, 2.5కు 20, 4కు 25 ఆంపియర్లు హద్దుగా పెట్టుకోండి. బిళ్ల ఫ్యూజులను రంగును బట్టి గుర్తించవచ్చు: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ.

ఫ్యూజు మాటిమాటికీ తెగుతున్నదంటే ఎక్కడో లోపం ఉన్నదని అది చెబుతున్నది. దాని స్థానంలో పెద్ద ఫ్యూజునో, రాగి పోగునో, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితాన్నో పెట్టడం కావలి కుక్క అరుస్తున్నదని దాని నోరు కట్టడం వంటిది.

రిలే ఎందుకు?

9.2 ఆంపియర్లను డ్రైవరు దగ్గరి చిన్న స్విచ్చి గుండా పంపితే స్విచ్చి మొనలు కాలిపోతాయి. రిలే అనేది ఇంకొక స్విచ్చిని నడిపే స్విచ్చి. దాని లోపలి తీగచుట్టకు కావలసినది సుమారు 0.2 ఆంపియరు మాత్రమే. అది అయస్కాంతంగా మారి లావు మొనలను కలుపుతుంది. రిలేకు నాలుగు కాళ్లు, వాటి మీద అంకెలు ఉంటాయి:

30 – బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా వచ్చే లావు తీగ
87 – దీపాలకు పోయే లావు తీగ
86 – డ్రైవరు స్విచ్చి నుంచి వచ్చే సన్నని తీగ
85 – బాడీకి, అంటే ఎర్తుకు

డ్రైవరు స్విచ్చికి కరెంటును తాళం తిప్పితేనే వచ్చే ఫ్యూజు గడి నుంచి తీసుకోండి. తాళం తీయగానే దీపాలు వాటంతట అవే ఆరిపోతాయి. ఈ ఒక్క ఏర్పాటు లేకపోతే నష్టం ఎంతో చూడండి: రెండు దీపాలు ఆర్పకుండా అయిదు గంటలు వదిలితే 46 ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. 60 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇంజను తిప్పడానికి ఇక శక్తి మిగలదు.

ఎర్తు, అతుకులు, తీగ దారి

దీపం వెలగకపోవడానికి, మిణుకుమిణుకుమనడానికి ఎక్కువగా కారణం చెడ్డ ఎర్తు. చాసిస్ మీద రంగును, తుప్పును గీకి, మెరిసే ఇనుము కనబడేటట్లు చేయాలి. తీగ చివర లగ్గు నొక్కి, పళ్ల వాషరుతో బోల్టు బిగించి, పైన వాజలీను పూయాలి. పాల బండికి ఈ జాగ్రత్త మరీ అవసరం. రోజూ కడిగే నీరు, ఒలికి పులిసిన పాలు, రెండూ లోహాన్ని తినేస్తాయి.

తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం అతుకు కాదు. వేడికి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. లగ్గు లేదా గొట్టం పెట్టి శ్రావణంతో గట్టిగా నొక్కి, వేడికి ముడుచుకునే తొడుగు వేయాలి. అన్నిటికంటే మంచిది అతుకే లేకుండా ఒకే తీగ లాగడం.

తీగ ఇనుప రేకులోని రంధ్రం గుండా పోయే ప్రతి చోటా రబ్బరు బుష్ ఉండాలి. తీగ అంతా ముడతల గొట్టంలో ఉండాలి, అడుగుకు ఒకచోట పట్టీతో కట్టాలి. పొగగొట్టానికి, ఫ్యాను బెల్టుకు, డీజిలు గొట్టానికి, బ్రేకు గొట్టానికి దూరంగా పోవాలి. క్యాన్లు ఈడ్చే చోట తీగ పరచకూడదు.

కంపెనీ తీగలను మధ్యలో కోసి కరెంటు తీసుకోవద్దు. ముఖ్యంగా 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్.6 ప్రమాణాల బండ్లలో ఇంజనును ఎలక్ట్రానిక్ పెట్టె నడుపుతుంది. దాని తీగలను గుచ్చినా, కోసినా వచ్చే ఖర్చు దీపాల ఖరీదుకు ఎన్నో రెట్లు.

పని చేసే క్రమం

1. ఇంజను ఆపి, తాళం తీసి, హ్యాండు బ్రేకు వేయండి. ఉంగరం, గడియారం, కడియం తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ నుంచి మండే వాయువు వెలువడుతుంది గనుక దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల కూడదు.

2. బ్యాటరీ నెగటివ్ మొనను ముందు విప్పండి. పాజిటివ్‌ను ముందు విప్పుతున్నప్పుడు పానా బాడీకి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. నెగటివ్ ముందే విప్పి ఉంటే పానా తగిలినా ప్రవాహానికి దారి ఉండదు.

3. దీపాలు, స్విచ్చి, రిలే బిగించి తీగలు పరచండి. ఎర్తు బిగించండి. ఫ్యూజు పెట్టకుండా ఫ్యూజు పెట్టెను పాజిటివ్‌కు కలపండి.

4. నెగటివ్ మొనను చివరగా బిగించండి. ఆ తరువాతనే ఫ్యూజు పెట్టి దీపం వేసి చూడండి.

5. పావుగంట వెలగనిచ్చి ఫ్యూజు పెట్టెను, రిలేను, అతుకులను చేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి నిలవనంత వేడిగా ఉంటే అక్కడ అతుకు వదులుగానో తీగ సన్నగానో ఉన్నట్లు.

ఇన్వర్టరు సంగతి

తూకం యంత్రానికి, పాల పరీక్ష యంత్రానికి ఇన్వర్టరు వాడేవారు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, అది బయటికి ఇచ్చేది 230 వోల్టులు. తడి చేతులతో తాకితే ప్రాణాపాయం. దానిని క్యాన్లకు, కడిగే నీటికి అందని ఎత్తున బిగించాలి. రెండవది, 100 వాట్ల పనికి అది బ్యాటరీ నుంచి సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది. ఇంజను ఆపి మూడు గంటలు వాడితే 60 ఆంపియర్-గంటల బ్యాటరీ సగం ఖాళీ. సిగరెట్టు వెలిగించే సాకెట్టు నుంచి పెద్ద ఇన్వర్టరును నడపకూడదు. దానికి బ్యాటరీ నుంచి వేరే లావు తీగ, వేరే ఫ్యూజు కావాలి.

చట్టం మాట

1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం రకరకాల స్వరాలు పలికే హారను పెట్టకూడదు. ముందు భాగాన స్పాట్ లైటుకు ముందుగా అనుమతి కావాలి. వెనుక బిగించిన పని దీపం బండి ఆగి ఉన్నప్పుడే వెలగాలి. రోడ్డు మీద పోతూ వేస్తే వెనుక వచ్చేవారి కళ్లు బైర్లు కమ్ముతాయి.

పర్యవేక్షణ

నెలకొకసారి ఎర్తు బోల్టులు బిగువు చూడండి. బ్యాటరీ మొనల మీద తెల్లని, పచ్చని పొడి పేరుకుంటే నెగటివ్ విప్పి, వంట సోడా కలిపిన నీటితో తుడిచి, ఆరనిచ్చి, వాజలీను పూయండి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోకూడదు. క్యాబినులో పొడి రసాయనపు అగ్నిమాపక సిలిండరు ఉంచండి. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే వెంటనే బండి ఆపి, తాళం తీసి, అందరూ దిగిపోవాలి. పొగ వస్తున్న బానెట్టును పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట పెరుగుతుంది.

సంఘాలు చేయవలసినది

చాలా చోట్ల బండి సంఘానిది కాదు, అద్దెది. అయినా అందులో పోయే పాలు మనవి. కాబట్టి అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడే పాలకవర్గం బండి యజమానిని మర్యాదగా ఈ అయిదు ప్రశ్నలు అడగవచ్చు:

1. అదనంగా బిగించిన ప్రతి దానికీ వేరే ఫ్యూజు ఉన్నదా? బ్యాటరీకి జానెడు లోపల ఉన్నదా?
2. తాళం తీస్తే దీపాలు ఆరుతున్నాయా?
3. రేకు రంధ్రాలన్నిటికీ రబ్బరు బుష్‌లు ఉన్నాయా?
4. టేపు చుట్టిన అతుకులు ఎక్కడైనా ఉన్నాయా?
5. ఏ తీగ ఎటు పోయిందో, ఏ ఫ్యూజు ఎంతదో రాసిన కాగితం బండిలో ఉన్నదా?

వీటికి జవాబు చూసుకోవడానికి మెకానిక్కు అక్కరలేదు. ఒక టార్చిలైటు, పది నిమిషాల సమయం చాలు.

అభ్యాసం: ఒక బండికి 96 వాట్ల పరికరం బిగించాలి. అది ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది? ఎంత ఫ్యూజు పెట్టాలి? (జవాబు: 96ని 12తో భాగిస్తే 8 ఆంపియర్లు. పావు వంతు కలిపితే 10. కనుక ఎర్ర రంగు 10 ఆంపియర్ల ఫ్యూజు.)