మూకుడులో నీళ్ళు: ఇంటి తోటకు పక్షులను పిలుద్దాం



మీలాగే నేనూ బదిలీల ఇంట్లోనే పెరిగాను. నేను ఆరో తరగతి చదివేటప్పుడు నాగపూర్‌లో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. పెరట్లో జామచెట్టు, దాని నీడలో అమ్మ పెట్టిన మట్టి మూకుడు. రోజూ బడికి వెళ్ళే ముందు అందులో నీళ్ళు పోయడం నా పని. పిచ్చుకలు, గోరింకలు, బుల్‌బుల్ పిట్టలు వచ్చి తాగేవి. గోరింకలైతే రెక్కలు టపటపలాడిస్తూ స్నానం చేసి, సగం నీళ్ళు బయటికి చిమ్మేవి.

మే నెలలో నాన్నకు సికింద్రాబాద్ బదిలీ అయింది. సామాన్లు కట్టడం, టీసీ తెచ్చుకోవడం, వీడ్కోళ్ళు, ఇలా ఇల్లంతా హడావిడి. రైలు బల్లార్షా దాటాక నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. "అమ్మా, మూకుడులో నీళ్ళు పొయ్యమని ఎవరికీ చెప్పలేదు!" అన్నాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. నాగపూర్ మే నెల ఎండ మా ఇద్దరికీ తెలుసు. అక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి.

కొన్ని నెలల తర్వాత పక్క క్వార్టర్ కాకూ ఉత్తరం రాసింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మూకుడును పూలకుండీ కింద పెట్టుకున్నారట. జామచెట్టు మాత్రం కాస్తోందట, చిలుకలు వస్తున్నాయట.

పక్షుల గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఆ ఉత్తరమే. మనం చేత్తో పెట్టేది మనం ఉన్నంతవరకే అందుతుంది. నేలలో నాటింది మనం వెళ్ళాక కూడా ఉంటుంది. రెండూ అవసరమే. వాటిని ఎలా చేయాలో, వెళ్ళేటప్పుడు ఎలా అప్పగించాలో ఇప్పుడు తెలుసుకుందాం.

మొదటి పని: చూడటం

కొత్త ఇంటికి వెళ్ళగానే వారం రోజులు ఏమీ పెట్టకుండా గమనించండి. ఉదయం ఒక పావుగంట చాలు. ఏ పక్షి వచ్చింది? నేల మీద తిరిగిందా, కొమ్మ మీద వాలిందా, పువ్వు దగ్గర ఆగిందా? నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి.

పేరు తెలియకపోతే పక్కింటివాళ్ళను అడగండి. మన పిచ్చుకే హిందీలో గౌరయ్యా, మరాఠీలో చిమణీ, కన్నడంలో గుబ్బచ్చి, తమిళంలో చిట్టుక్కురువి, ఒడియాలో ఘరచటియా. ఊరు మారినప్పుడల్లా మీకు భాష మారుతుంది, పిచ్చుకకు పేరు మారుతుంది. కొత్త ఊళ్ళో స్నేహం మొదలుపెట్టడానికి ఈ ప్రశ్న బాగా పనికొస్తుంది.

శ్రద్ధగా చూడటం ఎంత దూరం తీసుకువెళ్తుందో తెలుసా? 1896లో ముంబయిలో పుట్టిన సలీం అలీ చిన్నతనంలో తుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇది మామూలు పిచ్చుక కాదే అన్న సందేహంతో దాన్ని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకువెళ్ళారు. మన దేశపు గొప్ప పక్షిశాస్త్రవేత్త ప్రయాణం ఆ సందేహంతోనే మొదలైంది. ఆయన తన ఆత్మకథ పేరులో కూడా ఆ పిచ్చుకను మరచిపోలేదు.

నీళ్ళు

గింజలు తినని పక్షులు చాలా ఉన్నాయి కానీ నీళ్ళు దాదాపు అన్నిటికీ కావాలి. అందుకే నీళ్ళతో మొదలుపెట్టండి.

వెడల్పైన, లోతు తక్కువ ఉన్న మట్టి పాత్ర తీసుకోండి. నీళ్ళు రెండు అంగుళాలకు మించకూడదు. మధ్యలో ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టలు దాని మీద నిలబడి తాగుతాయి. ప్లాస్టిక్ పాత్రలో కాళ్ళు జారతాయి, లోహపు పాత్ర ఎండకు కాలిపోతుంది.

పాత్రను నీడలో పెట్టండి. అయితే గుబురు పొదలకు ఆనించి పెట్టకండి, పిల్లి అక్కడే పొంచి ఉంటుంది. పొదకు ఏడెనిమిది అడుగుల దూరంలో ఉంటే పిల్లి రావడం పక్షికి కనిపిస్తుంది, ఎగిరి కొమ్మ మీదికి చేరుకునే వీలూ ఉంటుంది.

రోజూ నీళ్ళు మార్చండి. రెండు మూడు రోజులకోసారి సబ్బు లేకుండా కొబ్బరిపీచుతో రుద్ది కడగండి. కడగని పాత్ర వల్ల ఒక పక్షి జబ్బు మరో పక్షికి అంటుతుంది. నిలవనీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు దోమలుగా ఎగరడానికి సుమారు వారం పడుతుంది కాబట్టి రోజూ నీళ్ళు పారబోసి, పాత్రను రుద్ది కడిగే ఇంట్లో ఆ భయం ఉండదు. చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్ళు ఉదయం గడ్డకట్టిన నీటిని తీసేసి మళ్ళీ పోయాలి.

గింజలు

కోనసీమ, గోదావరి జిల్లాల్లో కోతల తర్వాత వరికంకులను కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీసే అలవాటు ఉంది. పిచ్చుకలు వాటికి వేలాడుతూ గింజలు ఒలుచుకుని తింటాయి. నేలమీద చల్లితే ఎలుకలు వస్తాయి, పిల్లికి వేట సులువవుతుంది. వేలాడే కుచ్చుతో ఆ రెండు చిక్కులూ తగ్గుతాయి. మన పెద్దవాళ్ళ ఆలోచన చూశారా!

కంకులు దొరకని ఊళ్ళో సజ్జలు, కొర్రలు, బియ్యపు నూకలు పెట్టవచ్చు. పూటకు గుప్పెడు చాలు. సాయంత్రానికి మిగిలితే తీసేయండి. బ్రెడ్డు, బిస్కెట్లు, ఉప్పు కలిపినవి, నూనెలో వేయించినవి, బూజు పట్టినవి పెట్టకూడదు. పాలు పోయకూడదు. గింజలు ఎక్కువగా పోస్తే పావురాలు గుంపులుగా చేరి చిన్న పిట్టలను రానివ్వవు. వాటి రెట్టల దుమ్ము మన ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు.

మొక్కలు

పాత్ర, గింజలు కొద్ది పక్షులను పిలిస్తే, మొక్కలు ఎక్కువ పక్షులను పిలుస్తాయి.

మందారం, నూరువరహాలు, మునగ పూస్తే తేనెపిట్టలు వస్తాయి. జామ, వేప, రావి పండ్లకు బుల్‌బుల్ పిట్టలు, కోయిలలు, గోరింకలు వస్తాయి. కరివేపాకు చెట్టు పండ్లను కూడా అవి వదలవు. కరివేపాకు కోసం చెట్టు పెంచే తెలుగు ఇల్లు, తెలియకుండానే కోయిలకు విందు పెడుతోందన్నమాట. వెడల్పాకుల మొక్క ఉంటే దర్జీపిట్ట వచ్చి, ముక్కునే సూదిగా చేసుకుని ఆకుల అంచులు కుట్టి, అందులో గూడు పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట. పిచ్చుక గింజలు తింటుంది కానీ తన కూనలకు తొలిరోజుల్లో ఎక్కువగా పురుగులే పెడుతుంది. తోటంతా పురుగుమందు కొట్టి చూరుకు కంకులు కట్టినా, కూనలకు తిండి దొరకదు. కాబట్టి ఆకుకు నాలుగు రంధ్రాలు పడితే పడనివ్వండి.

మేడ మీది క్వార్టర్ అయితే బాల్కనీలో రెండు కుండీలు చాలు. కింద ఖాళీ స్థలం ఉంటే, పెద్ద చెట్టు నాటే ముందు కాలనీ కార్యాలయంలో అడిగి నాటండి.

గూడు

మన కొత్త కాంక్రీటు ఇళ్ళలో పెంకుల సందులు, దూలాల మూలలు లేవు. అందుకే పిచ్చుకకు చెక్కపెట్టె కట్టవచ్చు. లోపలికి వెళ్ళే రంధ్రం సుమారు 32 మిల్లీమీటర్లు ఉంటే పిచ్చుకకు సరిపోతుంది, గోరింక దూరలేదు. పెట్టెను పిల్లికి అందని ఎత్తులో, మధ్యాహ్నపు ఎండ, వాన తగలని గోడకు బిగించండి. తిరిగే ఫ్యానుకు దూరంగా ఉండాలి. రంధ్రం ముందు పుల్ల పెట్టకండి, అది శత్రువులకే పనికొస్తుంది.

పిచ్చుక గుడ్లు సుమారు పన్నెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్లలు మరో పదిహేను రోజుల్లో ఎగురుతాయి. ఆ నెల రోజులూ పెట్టె తెరవకండి, ఫోటోల కోసం దగ్గరికి వెళ్ళకండి. దూరం నుంచి చూడటమే మీరు చేసే సాయం.

కూన నేల మీద కనిపిస్తే?

ఈకలు రాని కూన అయితే, గూడు దొరికి చేతికి అందితే, మెల్లగా తిరిగి అందులో పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందని అందరూ అంటారు కానీ సాధారణంగా అలా జరగదు. ఈకలు వచ్చి గెంతుతున్న కూన అయితే అది ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి పక్కనే ఉంటుంది. పిల్లి, కుక్క రాకుండా చూసి మీరు పక్కకు తప్పుకోండి. ముక్కులో నీళ్ళు పోయకండి, అవి శ్వాసనాళంలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. దెబ్బ తగిలిన పక్షి కనిపిస్తే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా ఉంచి, పెద్దలతో కలిసి పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళండి.

ఎంత ముద్దొచ్చినా పెంచుకోవాలనుకోవద్దు. రామచిలుకను పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మన తోటకు వచ్చే పక్షి మనకు అతిథి, ఆస్తి కాదు.

బదిలీ ఉత్తర్వు వచ్చాక

నా మూకుడు కథ మీ ఇంట్లో జరగకూడదంటే సామాన్లు సర్దే జాబితాలో మరో మూడు పనులు చేర్చండి.

ఒకటి: పక్కింటి పిల్లల్లో ఒకరిని వారం ముందే పిలిచి, నీళ్ళు పోసే పని మీ కళ్ళెదుట వాళ్ళ చేత చేయించండి.

రెండు: గింజలు పెడుతుంటే రోజురోజుకూ కొద్దికొద్దిగా తగ్గించి ఆపండి. పక్షులు ఈలోగా వేరే చోట్లు వెతుక్కుంటాయి.

మూడు: వచ్చే కుటుంబానికి ఒక చీటీ రాసి వంటింటి తలుపు లోపలి వైపు అంటించండి. ఇలా ఉంటే చాలు: "జామచెట్టు కింద ఉన్నది పిట్టల మూకుడు. ఉదయం నీళ్ళు మార్చాలి. వెనక గోడ మీద పెట్టెలో పిచ్చుకలు గూడు పెట్టాయి, దయచేసి తీయవద్దు. సాయంత్రం నాలుగు గంటలకు తేనెపిట్ట మందారం దగ్గరికి వస్తుంది."

చీటీలో ఆ చివరి వాక్యం తప్పకుండా రాయండి. నీళ్ళు పోయమని చెబితే మరచిపోవచ్చు. నాలుగింటికి ఎవరో వస్తారని చెబితే, ఆ ఇంటి పిల్లలు కిటికీ దగ్గర నిలబడతారు.

చేసి చూడండి

1. మీ ఇంటికి వచ్చే పక్షుల జాబితాను వారం పాటు రాయండి. ఒక్కో పక్షి పేరును కనీసం మూడు భాషల్లో సేకరించండి.

2. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు పెరటి పక్షుల లెక్కింపు జరుగుతుంది. మన దేశం 2013 నుంచి ఇందులో పాల్గొంటోంది. పదిహేను నిమిషాలు లెక్కపెట్టినా చాలు. మీ తరగతి తరఫున పాల్గొనండి.

3. మీరు ఇప్పుడున్న క్వార్టర్‌లో మీకంటే ముందు ఉన్నవాళ్ళు నాటిన చెట్టు ఏది? దానికి ఏ పక్షులు వస్తున్నాయి? ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోండి.