తెగించి ఇచ్చిన సమాధి

పాఠ్యభాగము: మార్కు 15:42-47, యోహాను 19:38-42

అర్పణ అనగానే మనకు కానుక పెట్టె, దశమ భాగము జ్ఞాపకము వస్తాయి. మాదిరి కావలసి వస్తే రెండు కాసులు వేసిన బీద విధవరాలిని తలచుకొంటాము. ఈ నెల పాఠములో ఒక ధనవంతుని చూద్దాము. అతడు అరిమతయియ యోసేపు.

యోసేపు యూదుల మహాసభలో సభ్యుడు. యేసుకు విరోధముగా ఆ సభ చేసిన పనికి అతడు సమ్మతింపలేదని లూకా 23:51లో చదువుతాము. అయితే యూదులకు భయపడి అతడు రహస్య శిష్యుడుగా ఉన్నాడని యోహాను దాచకుండా వ్రాశాడు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. రాతిలో తొలిపించిన ఆ క్రొత్త సమాధి ఆ సాయంత్రము సిద్ధమైనది కాదు. ధనము ముందే ఉన్నది, స్థలము ముందే ఉన్నది, పలుకుబడి ముందే ఉన్నది. లేనిది తెగింపు ఒక్కటే. మార్కు 15:43లో మన తెలుగు బైబిలు వాడిన మాట కూడ ‘తెగించి’ అన్నదే.

ఆ తెగింపునకు వెల ఎంత? యూదుల రాజునని చెప్పుకొన్నాడను నేరము మీద సిలువ వేయబడినవాని దేహమును అడుగుట, అధిపతి అనుమానమును కొనితెచ్చుకొనుటే. మరునాడు తోటి సభ్యుల ముఖము చూడవలెను. పైగా సంఖ్యాకాండము 19:11 ప్రకారము శవమును ముట్టినవాడు ఏడు దినములు అపవిత్రుడు. పస్కా పండుగ దినములలో ఊరంతా శుద్ధిగా ఉండగా అతడు మైలపడినవాడై నిలిచాడు. నీకొదేము సంగతి కూడ అంతే. మొదట రాత్రివేళ వచ్చినవాడు ఇప్పుడు బోళము, అగరు తెచ్చాడు. మూల భాషలోని తూకము నేటి లెక్కకు సుమారు 33 కిలోలు. అది కొంగు చాటున మోసుకొని పోగల మూట కాదు!

పేతురు ఎంత ప్రేమించినా పిలాతు గుమ్మము దాటగలిగేవాడా? గలిలయ జాలరి మాట అక్కడ ఎవరు వింటారు? ఆ పని యోసేపే చేయగలడు.

మన సంఘముల వైపు చూద్దాము. పొట్టకూటికై పరాయి రాష్ట్రము వచ్చి, అద్దె ఇంటిలో ఉన్న కుటుంబములో మరణము సంభవిస్తే ఆ రాత్రి వారికి పాట, ప్రార్థన మాత్రమే చాలవు. శవమును ఇంట ఉంచవద్దని యజమాని అంటే ఎవరి వాకిలి తెరవబడుతుంది? సమాధి స్థలము కొరకు ఎవరిని అడగాలి? మునిసిపాలిటీలో తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, కన్నడములోనో మాట్లాడేదెవరు? ఇవన్నీ చేయగలవారు మన మధ్యనే ఉన్నారు. సొంత ఇండ్లు ఉన్నవి, ఆఫీసులలో పరిచయములు ఉన్నవి. ఇరుగుపొరుగు ఏమనుకొంటారో, ఇంటికి మైల అంటుతుందేమో అనే వెనుకాడుటే అడ్డము. చందా ఇచ్చి తప్పుకొనుట దీనికంటె సులువు, అది మనందరికీ తెలుసు.

మన పితరులు ధనవంతులు కారు. 1876-78 నాటి గొప్ప కరువు చూచిన తరము వారిది. అయినను 1903లో తెలుగు బాప్తిస్టుల హోమ్ మిషన్ సంఘము జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపినది. అక్కడి తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి కొరకే ఆ ప్రయాణము. ఆ సంవత్సరము డిసెంబరులోనే కీర్స్నీలో సంఘము ఏర్పడినది. దూరదేశమున ఉన్న మనవారు మనవారే అని వారు ఎంచారు. వలస వచ్చిన మనకు ఈ సంగతి మరీ దగ్గరిది.

2 కొరింథీయులకు 8:12 కూడ చదవండి. లేనిదానిని దేవుడు అడుగుటలేదు. సిద్ధమైన మనస్సు ముందు, లెక్క తరువాత. కనుక ఎవరినీ బలవంతపెట్టవద్దు.

వచ్చే కూడికలో ప్రతి కుటుంబము తన యొద్ద ఉన్నది ఒకటి కాగితము మీద వ్రాయనివ్వండి. రాత్రివేళ తలుపు తట్టదగిన ఇల్లు, ఆసుపత్రికి తోడు వెళ్లగల మనిషి, అర్జీ వ్రాయగల చేయి, ఒక ఆటో, నాలుగు చాపలు, ఏదైనను సరే. ఆ కాగితము సంఘ కార్యదర్శి యొద్ద, అందరికీ అందునట్లు ఉంచండి.