మతిమరుపు, సతి

ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ల మాటలు వినండి. మోకాళ్ల నొప్పుల తర్వాత ఎక్కువగా వినిపించేది "పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది" అనే మాటే. దానికి భయపడకండి. వయసుతో మెదడు కొంత కుదించుకుపోతుంది, వేగం తగ్గుతుంది, పేర్లు ఆలస్యంగా గుర్తొస్తాయి. మాటల సంపద మాత్రం అంత తొందరగా తరగదు. అయితే ఏళ్ల తరబడి తిరిగిన తార్నాక చౌరస్తాలో నిలబడి ఇంటికి దారి తెలియకపోతే అది వేరు. "ముసలితనం లే" అని వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి.

"మేం చదువుకోలేదు, మా మెదడుకేం పదును?" అంటారు మన బస్తీ పెద్దలు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి. మన నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష తెలిసిన వాళ్లకంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ తేడా ఉంది! భాషే కారణమని దీంతో పూర్తిగా తేలిపోలేదు. కానీ తెలుగులో బేరం మొదలుపెట్టి ఉర్దూలో ముగించే కూరగాయల అమ్మ, ఒక భాషను ఆపి మరొకదాన్ని అందుకుంటూ రోజంతా మెదడుకు పని చెబుతోంది. ఆమెను చదువులేనిదని తీసిపారేసే హక్కు ఎవరికుంది?

సతి అంటే మనకు భార్యే గుర్తొస్తుంది. పాళీలో ఆ మాటకు అర్థం జ్ఞాపకం, ఎరుక. రెండింటికీ ఒకే మాట ఉండడం ఊరికే కాదు. తాళంచెవి పెట్టేటప్పుడు మనసు అక్కడ లేకపోతే, తర్వాత గుర్తుచేసుకోవడానికి ఏముంటుంది? అందుకే ఎరుకను సాధన చేయమంటాం. ధ్యానం చేస్తే డిమెన్షియా రానే రాదని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి. విన్నదల్లా నమ్మొద్దని కాలామ సుత్తం చెబుతోంది కదా.

1953లో ఉస్మానియా గౌరవ డాక్టరేట్ ఇచ్చేనాటికి బాబాసాహెబ్‌కు 61 ఏళ్లు. షుగరు ఒంటిని తినేస్తున్నా, చివరి రోజులవరకూ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథం మీద పనిచేస్తూనే ఉన్నారు.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. 2011లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఏడాదిపాటు వారానికి మూడుసార్లు నడిచిన పెద్దవాళ్లకు జ్ఞాపకాలను చూసే మెదడు భాగం సుమారు 2 శాతం పెరిగింది. బీపీ, షుగరు అదుపులో ఉండాలి. చెవి మందగించిన తాతను "ఆయనకు వినబడదులే" అని మాటల్లోంచి తప్పించకండి. చెవి పరీక్ష చేయించండి, పక్కన కూర్చుని మాట్లాడించండి.