బరువు మీద పడ్డప్పుడే బలం తెలిసేది

టెక్సస్‌లోని అమరిల్లో దగ్గర ఒక ఆర్వీ పార్కు, బండ్లలోనే బస చేసేవాళ్లు ఆగే చోటు. తెల్లవారుజాము. వెనక ట్రైలర్ తగిలించుకుని, ముందురోజు డాలస్ నుంచి గ్రాండ్ కేన్యన్‌కి బయల్దేరాం. మా బావమరిది కుటుంబం, మేమూ కలిపి ఏడుగురం. బయల్దేరే ముందు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో ట్రైలర్ నాలుగు టైర్లలోనూ సరిగ్గా 80 పీఎస్ఐ ఒత్తిడితో గాలి కొట్టించాం. రాత్రికి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగింది. పొద్దున గేజ్ పెట్టి చూస్తే మూడు టైర్లు 72, 73 దగ్గర ఉన్నాయి. నాలుగోది 68.

మా దగ్గర పంపు ఉంది. కారు టైర్లకు వాడే చిన్నది. దాన్నే తగిలించాం. పావుగంట మోత మోగింది. 68 కాస్తా 71 అయింది. ఆ తర్వాత పంపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, ఆగిపోయింది.

"బావా, పెట్టె మీద 150 పీఎస్ఐ అని ఉందిగా!" అన్నాడు మా బావమరిది.

ఉంది. పెద్ద అక్షరాల్లోనే ఉంది. మేం నమ్మింది ఆ అంకెనే.

పక్క సైట్‌లో ఉన్న పెద్దాయన తన కంప్రెసర్ తెచ్చి, క్లిప్పులు నేరుగా మా బండి బ్యాటరీకి తగిలించాడు. ఒక్కో టైరుకు కొద్ది నిమిషాలే పట్టింది. రెండు టైర్లయ్యాక మిషన్ని ఆపి, కాసేపు చల్లారనిచ్చి, తర్వాతే మూడో దాని దగ్గరికి వెళ్లాడు. నాకు ఆ పొద్దున కంప్రెసర్ కొనడమెలాగో తెలిసింది. మనిషి తన సామర్థ్యాన్ని ఎలా లెక్క వేసుకోవాలో కూడా అక్కడే తెలిసింది. రెండింటి సూత్రమూ ఒకటే: మోయాల్సిన బరువు దగ్గర ఎంత పని చేయగలమో అదే మన బలం.

1. ముందు మీ బరువు తెలుసుకోండి

కారు టైరుకు 32 నుంచి 35 పీఎస్ఐ చాలు. ట్రైలర్ టైర్లలో లోడ్ రేంజ్ (మోయగల బరువు తరగతి) 'డి' రకానికి సాధారణంగా 65, 'ఇ' రకానికి 80 దాకా ఉంటుంది. బస్సంత మోటర్‌హోమ్ అయితే 100 దాటవచ్చు. మీ బండికి ఎంత కావాలో దాని మీద అతికించిన లేబుల్ చెబుతుంది. సామాన్లన్నీ సర్దాక అసలు బరువెంతో ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద తూచుకోవచ్చు. ఆ రెండంకెలూ చేతికొచ్చాకే దుకాణానికి వెళ్లండి.

జీవితంలో మనం దీన్ని తిరగేస్తాం. ముందు కోర్సులో చేరతాం, ముందు అప్పు తీసుకుంటాం, ముందు సరేనంటాం. నెత్తిన పడే బరువెంతో తర్వాత చూస్తాం. కొత్త బాధ్యత ఏదొచ్చినా ముందు కాగితం మీద రాసుకోండి: వారానికి ఎన్ని గంటలు? నెలకు ఎంత డబ్బు? ఎన్నాళ్లు?

2. పెట్టె మీది అంకెను నమ్మకండి

గరిష్ఠ పీఎస్ఐ అంటే ఆ యంత్రం ఎంత ఒత్తిడి దాకా తొయ్యగలదో చెప్పే అంకె. అక్కడికి ఎంతసేపట్లో చేరుతుందో అది చెప్పదు. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి ఇస్తుందో చెప్పే అంకె వేరు. దాన్ని సీఎఫ్ఎం అంటారు. అందులోనూ ఒక మెలిక ఉంది. చాలా పెట్టెల మీద రాసేది టైరు తగిలించకుండా, ఏ ఒత్తిడీ లేనప్పుడు వచ్చే గాలి లెక్క. ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ ధార సన్నబడుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: "80 దగ్గర ఎంత గాలి ఇస్తుంది? నా సైజు టైరును 60 నుంచి 80కి చేర్చడానికి ఎన్ని నిమిషాలు?"

పైన పటారం లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇంటర్వ్యూలో చెప్పుకున్న గుణాలు, పెళ్లిచూపుల్లో కనబడిన ఓర్పు, ఇవన్నీ ఒత్తిడి లేనప్పటి అంకెలే. నా సహనమెంతో నాకు తెలియాలంటే, నిద్రలేని రాత్రి తర్వాత పిల్లలతో ఎలా మాట్లాడానో చూసుకోవాలి.

3. విశ్రాంతిని సామర్థ్యంలో కలిపి లెక్కించండి

మంచి కంప్రెసర్ల వివరాల్లో డ్యూటీ సైకిల్ అనే మాట కనబడుతుంది. 100 పీఎస్ఐ దగ్గర 33 శాతం అంటే, పావుగంట పనిచేస్తే అరగంట చల్లారాలని అర్థం. అలా ఆగనిస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఆగనివ్వకపోతే వేడికి లోపలి భాగాలు పాడవుతాయి. ఎక్కువ టైర్లు నింపాలనుకునేవాళ్లు ఎక్కువ శాతం ఉన్నది వెతుక్కోవాలి.

యంత్రానికి విశ్రాంతి అవసరమని తయారుచేసినవాళ్లే అంకె వేసి మరీ చెబుతున్నారు. మనం మాత్రం విశ్రాంతి అడిగితే చేతకానివాళ్లం అనుకుంటారని భయపడతాం. మీ డ్యూటీ సైకిల్ ఎంతో మీరే తేల్చుకోండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. వేడెక్కి ఆగిపోయాక దొరికేది విశ్రాంతి కాదు, మరమ్మతు.

4. శక్తి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

కారులోని సిగరెట్ లైటర్ సాకెట్‌కు మామూలుగా 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటుంది. 12 వోల్టుల దగ్గర అది 120 నుంచి 180 వాట్లు. పెద్ద కంప్రెసర్ 30 ఆంపియర్ల దాకా లాగవచ్చు. అందుకే దాన్ని క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి తగిలిస్తారు, ఇంజన్ ఆన్‌లో ఉంచుతారు. ఇంటి కరెంటుతో నడిచే 120 వోల్టుల రకం బలమైనదే. కానీ దారి మధ్యలో దానికి జనరేటర్ కావాలి.

గొప్ప ఆశయాన్ని సన్నని తీగకు తగిలించకండి. చదువుకు కావాల్సిన శక్తి పొద్దుటి రెండు గంటల్లో ఉంటే, ఆ రెండు గంటల్నీ ఫోన్‌కు ధారపోయకండి.

5. అందని చోటికి చేరగలదా?

మోటర్‌హోమ్ వెనక జంట టైర్లుంటాయి. లోపలి టైరు వాల్వ్‌కి చెయ్యి సరిగా అందదు. 30, 35 అడుగుల బండికి పొట్టి గొట్టం చాలదు. గొట్టం వెనక చక్రం దాకా రావాలి, దాని కొస లోపలి వాల్వ్‌కి పట్టాలి. కొనేముందు ఈ రెండూ కొలవండి. చేతితో పట్టుకోనక్కర్లేని బిగింపు కొస ఉంటే, గాలి ఎక్కుతున్నంతసేపూ టైరుకు ఎదురుగా కాక దూరంగా పక్కన నిలబడవచ్చు.

కనబడే టైరుకు అందరూ గాలి కొడతారు. మాట తక్కువున్న కొడుకు, ఏమీ అడగని అమ్మ, వీళ్లు లోపలి టైర్లు. ఓపిగ్గా అక్కడికీ చేరాలి.

6. చల్లగా ఉన్నప్పుడే కొలవండి

టైరు గాలిని బండి కదలకముందే చూడాలి. ఆగిన తర్వాతైతే కనీసం 3 గంటలు గడవాలి. నడిచిన టైరు వేడికి అంకె పెరుగుతుంది. అది చూసి గాలి తీసేస్తే, చల్లారాక టైరు తక్కువ గాలితో మిగులుతుంది. తక్కువ గాలి ఉన్న టైరు పక్కలు ఎక్కువగా వంగి, వేడెక్కి, చివరికి పేలవచ్చు. కావాల్సిన గాలిలో ఐదో వంతు తగ్గినా అలాగే నడిచిన టైరులో వెంటనే గాలి కొట్టకూడదు. 80 ఉండాల్సింది 64కి దిగిందంటే, ముందు విప్పించి లోపల చూపించాలి.

నిర్ణయాలూ అంతే. కోపంలో ఉన్నప్పుడు ఎదుటివాళ్లను కొలవకండి. రాజీనామా ఉత్తరం రాత్రి రాసినా, పొద్దున చదివాకే పంపండి. ఏళ్లుగా బలహీనపడిన బంధానికి ఒక్క కానుకతో గాలి కొట్టకండి. ఎక్కడ దెబ్బతిన్నదో ముందు కూర్చుని మాట్లాడండి.

ఇంకొక్క మాట. అమెరికాలో 2000 నాటి ట్రెడ్ చట్టం తర్వాత, 2008 మోడళ్ల నుంచి 10,000 పౌండ్ల లోపు కొత్త వాహనాలకు టైరులో గాలి తగ్గితే వెలిగే దీపం తప్పనిసరి అయింది. ట్రైలర్‌కు ఆ నిబంధన లేదు. అంటే మనం కూర్చున్న బండి గురించి దీపం హెచ్చరిస్తుంది. మనల్ని నమ్ముకుని వెనక వచ్చే దాని సంగతి మనమే దిగి చూసుకోవాలి.

ఆ ప్రయాణం నుంచి వచ్చాక మా బావమరిది సరైన కంప్రెసర్ కొన్నాడు. కొన్నరోజే డ్రైవ్‌వేలో ట్రైలర్ నిలబెట్టి, ఒక టైరులో గాలి 70కి దించి, మళ్లీ 80కి ఎక్కించి, పట్టిన నిమిషాలు కాగితం మీద రాసి పెట్టె మూతకు లోపలివైపు అంటించాడు. ఇప్పుడు అతను నమ్మేది ఆ అంకెనే.

ఈ ఆదివారం మీరూ ఒక అంకె రాసుకోండి. మీరు మోస్తున్న బరువుల్లో ఒక్కదాన్ని ఎంచుకోండి. దాని కింద ఆగకుండా ఎంతసేపు పనిచేయగలరో, తర్వాత ఎంతసేపు చల్లారాలో నిజాయితీగా రాయండి. ఆ కాగితాన్ని రోజూ కంటబడే చోట అంటించండి.