కన్సోల్ వేడెక్కుతోంటే...

ప్రశ్న: మా అబ్బాయికి ప్లేస్టేషన్ 5 కొన్నాం. టీవీ కింద అద్దాల తలుపుల అరలో పెట్టాం. కాసేపు ఆడగానే బాగా వేడెక్కి, ఫ్యాన్ మోత పెరుగుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు దాన్ని ఆ అరలోంచి బయటికి తీయండమ్మా. తలుపులు మూసి ఉంటే, వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది. గోడకు కనీసం 10 సెంటీమీటర్ల ఎడం ఉంచి, గట్టి బల్ల మీద పెట్టండి. తివాచీ మీద వద్దు. గదిలో వేడి 35 డిగ్రీలు దాటితే ఆట ఆపించండి. అప్పుడప్పుడూ ప్లగ్ తీసి, గాలి రంధ్రాల దగ్గర చేరిన దుమ్మును వ్యాక్యూమ్ క్లీనర్‌తో మెల్లగా లాగేయండి. అయినా మోత తగ్గకపోతే సర్వీస్ సెంటర్‌లో చూపించండి. వారంటీ ఉండగా మీరే విప్పకండి.