లోహములలో ఉదజని – ఒత్తిడియు వేడిమియు చేయు మార్పులు

ఉప్పుకల్లును, పటికబెల్లమును చేతబట్టి చూచినవారికి స్ఫటికమనగా నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. రాగి, వెండి, బంగారములును స్ఫటికములే యన్నచో మాత్రము కొందఱు నమ్మరు. వాని పరమాణువులు అంగడిలో గుట్టగా పేర్చిన బత్తాయిపండ్లవలె వరుస తప్పక యమరియున్నవి. పండ్ల నెంత దగ్గఱగా పేర్చినను నడుమ సందులు మిగులును గదా! విద్యార్థులు జింకు ముక్కలపై సజల గంధకామ్లమును పోసి జాడీలలో పట్టెడి ఉదజని, కొన్ని లోహములలో నట్టి సందులనే దూరి నిలుచును. లోహమును ఉదజనియు కలసిన పదార్థమునకు హైడ్రైడని పేరు.

1866వ సంవత్సరమున థామస్ గ్రాహమను రసాయనశాస్త్రజ్ఞుడు, పల్లాడియమను తెల్లని లోహము తన ఘనపరిమాణమునకు కొన్ని వందల రెట్లు ఉదజనిని పీల్చుకొనునని కనుగొనెను. పిమ్మట నాయన ఉదజని నిండిన తీగెను కొలిచి చూచెను. తీగె సాగియుండెను. వాయువును వెడలగొట్టగా నది మొదటి పొడవునకు రాక, యంతకంటెను పొట్టిదయ్యెను! స్పంజి నీటిని పీల్చినను, పిండినపిదప మునుపటి రూపునకు వచ్చును. లోహమేల రాలేదు?

ఎక్సుకిరణముల పరీక్షవలన కారణము తెలిసినది. సెంటీమీటరును పదికోట్ల భాగములు చేసినచో, పల్లాడియపు స్ఫటికమున నొక్కొక్క గడి పక్క కొలత 3.89 భాగములుండును. కొంచెము ఉదజని చేరినంతవఱకు నీ కొలత యించుమించుగ మారదు. ఇంకను చేరినపుడు గడి మెల్లమెల్లగ పెరుగక, యొక్కపెట్టున 4.03 భాగముల దగ్గఱకు దుముకును. ఘనపరిమాణమున నిది నూటికి పదింటికి మించిన పెరుగుదల. మొదటి స్థితిని ఆల్ఫా యనియు, రెండవదానిని బీటా యనియు వ్యవహరింతురు. రెంటను పల్లాడియపు పరమాణువుల యమరిక యొకటియే. గడి పరిమాణమే వేఱు. ఒకే ముక్కలో కొంత ఆల్ఫాగను కొంత బీటాగను ఉన్నపుడు ఇరుగుపొరుగు భాగము లొకదాని నొకటి త్రోసికొనును. అందుచే లోహము వంగును, ముడుచుకొనును, పలుమారులైనచో పగులును.

అయితే ఈ దుముకుడు ఎల్లవేళల లేదు. సముద్రతీరమున గాలి మోపు ఒత్తిడిని ఒకటిగా నెంచినచో, సుమారు 20 రెట్ల యొత్తిడిలో, 300 డిగ్రీల సెంటిగ్రేడు సమీపమున ఆల్ఫా బీటాల భేదమే యంతరించును. అంతకు మించిన వేడిమిలో ఉదజని యెంత చేరినను గడి క్రమముగ పెరుగునే గాని దుమకదు. ఉదజనిని శుద్ధిచేయుటకు పల్లాడియపు గొట్టములను వాడువారు దీని నెఱుగనిచో విలువైన గొట్టమును పోగొట్టుకొందురు. ముందు వేడిచేసి పిదప వాయువును విడువవలెను. పని ముగిసినపుడు ముందు వాయువును తీసివేసి పిదప చల్లార్చవలెను. లోహమున నాలుగింట నొకవంతు వెండి కలిపినచో నీ యపాయము మిక్కిలి తగ్గును.

గడి పరిమాణమే గాక, అమరికయే మాఱుటయు కలదు. శుద్ధమైన టైటేనియము 882 డిగ్రీలవద్ద తన యమరికను మార్చుకొనును. ఉదజని కలిసినచో నా మార్పు 300 డిగ్రీల ప్రాంతమునకే దిగివచ్చును. సోడియము హైడ్రైడు వంటయుప్పు అమరిక కలది. ప్రతి సోడియమునకు చుట్టును 6 ఉదజనులు. గాలి యొత్తిడికి సుమారు 3 లక్షల రెట్లు నొక్కినచో 6 పోయి 8 చేరును.

ఇంతకంటె విచిత్రమైనది లాంథనపు హైడ్రైడు. 2019వ సంవత్సరమున జర్మనీలోని మైంజు నగర శాస్త్రజ్ఞులు రెండు వజ్రముల మొనల నడుమ దీనిని గాలి యొత్తిడికి సుమారు 17 లక్షల రెట్లు నొక్కి పరీక్షించిరి. ఆ యొత్తిడిలో ఒక లాంథనమునకు 10 ఉదజనుల లెక్కన కలియును. 32 ఉదజనులు ప్రతి లాంథనమును పంజరమువలె చుట్టుకొనును, ఇరుగుపొరుగు పంజరములకు నవి ఉమ్మడి. సున్నకు దిగువ 23 డిగ్రీల చలిలో విద్యుత్తు దీనియందు నిరోధమే లేక ప్రవహించినది. ఒత్తిడిని తగ్గించినచో పంజరము వంకరపోవును. దానిని మామూలు గాలిలోనికి తెచ్చి నిలుపుట యింతవఱకు నెవ్వరికిని సాధ్యము కాలేదు.